బాలల పుస్తకాలతో చరిత్ర: ఇంటిబడికి కావలసింది ఒకే గొంతు కాదు

పాఠ్యపుస్తకాలలో చరిత్ర మరోసారి వివాదగ్రస్తమయింది. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 2025లో వెలువరించిన ఏడవ తరగతి సాంఘికశాస్త్ర గ్రంథం తొలి భాగంలో ఢిల్లీ సుల్తానులకు, మొగలులకు చోటు లేకపోయింది. అదే సంవత్సరం వెలువడిన ఎనిమిదవ తరగతి పుస్తకంలో వారిని వర్ణించిన తీరు మరో వాదప్రతివాదానికి దారితీసింది. ఈ తగవు నిన్న మొన్నటిది కాదు. జనతా ప్రభుత్వ హయాంలో, 1978లో, ఆర్.ఎస్.శర్మ రచించిన ప్రాచీన భారత చరిత్ర పాఠ్యగ్రంథాన్ని ఉపసంహరించారు. 2002లో ఒకసారి, 2006 నుంచి మరొకసారి చరిత్ర పుస్తకాలన్నీ మార్చివేశారు. పొరుగుదేశాలు ఈ విషయంలో మనకంటే మెరుగేమీ కావు. పాకిస్థాన్ చరిత్రకారుడు కె.కె.అజీజ్ తమ దేశపు 66 పాఠ్యగ్రంథాలను శోధించి, వాటిలో జరిగింది చరిత్ర హత్యేనని 1993లోనే గ్రంథస్థం చేశారు. 2025 జనవరిలో బంగ్లాదేశ్ విద్యార్థుల చేతికి వచ్చిన కొత్త పుస్తకాలలో, ఆ దేశ స్వాతంత్ర్యాన్ని ప్రకటించింది ఎవరన్న వాక్యమే మారిపోయింది.

ఈ పరిస్థితిలో కొందరు తల్లిదండ్రులు పాఠ్యపుస్తకానికే స్వస్తి చెబుతున్నారు. పిల్లలను బడికి పంపక ఇంటివద్దనే చదివించే కుటుంబాలు మన దేశంలో బహు స్వల్పం. బెంగుళూరు, పుణె, ముంబాయి, హైదరాబాదు వంటి నగరాలలో ఈ ధోరణి కొంతకాలంగా ఉన్నదే. 2020లో బడులు మూతబడి, పాఠం ఇంటి గదిలోకే వచ్చిన తరువాత ఈ ఆలోచన మరికొన్ని ఇళ్లకు పాకింది. లెక్కలకు, విజ్ఞానశాస్త్రానికి ఏదో ఒక పాఠ్యగ్రంథాన్ని అనుసరించే ఈ తల్లిదండ్రులు చరిత్రకు వచ్చేసరికి కథల పుస్తకాలను, జీవితచరిత్రలను, బొమ్మల పుస్తకాలను కాలక్రమంలో పేర్చి, సంవత్సరానికి సరిపడే పాఠక్రమం తయారు చేసుకుంటున్నారు. ఆలోచన మంచిదే. అయితే ఆ పేర్చడంలోనే ఒక ప్రమాదం పొంచి ఉంది.

చట్టం సంగతి ముందుగా చెప్పుకోవాలి. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ ఆరు నుంచి పద్నాలుగేళ్ల బాలలకు విద్యను ప్రాథమిక హక్కు చేసింది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం పదవ సెక్షన్ పిల్లలను సమీపంలోని పాఠశాలలో చేర్చడం తల్లిదండ్రుల కర్తవ్యమని పేర్కొంది. ఇంటి చదువును ఆ చట్టం పేరుపెట్టి అనుమతించలేదు, నిషేధించనూ లేదు. ఇలా చదివిన పిల్లలలో పలువురు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పదవ తరగతి పరీక్షకు కూర్చుంటున్నారు. అందువల్ల ఆరేడేళ్ల వయసు నుంచి పద్నాలుగేళ్ల వరకు ఆ ఇంట్లో ఏ చరిత్ర చదువుతున్నారో అడిగేవారు లేరు. ఈ స్వేచ్ఛ గొప్పది. దానితోపాటు వచ్చే బాధ్యత అంతకంటె గొప్పది.

తండ్రి ఒక్కడే కూతురికి చరిత్ర పాఠక్రమం రచించిన ఉదాహరణ ఒకటి మన దేశంలో అందరికీ తెలిసినదే. 1928 వేసవిలో అలహాబాదు నుంచి జవహర్‌లాల్ నెహ్రూ ముస్సోరీలో ఉన్న పదేళ్ల ఇందిరకు 30 లేఖలు రాశారు. భూమి పుట్టుక, రాళ్లు చెప్పే కథ, ఆదిమానవుడు, భాషలు, రాజులు, రామాయణ భారతాల దాకా వాటిలో ఉన్నాయి. 1929లో అవి పుస్తకంగా వచ్చాయి. వాటిని హిందీలోకి అనువదించినవారు సాక్షాత్తు ప్రేమ్‌చంద్. తరువాత 1930 అక్టోబరు నుంచి 1933 ఆగస్టు వరకు, అత్యధిక భాగం చెరసాలల నుంచి, 196 లేఖల ప్రపంచ చరిత్ర. చేతికందిన పుస్తకాలు, రాసుకున్న నోట్సులు, జ్ఞాపకశక్తి మాత్రమే ఆయనకు ఆధారం. హెచ్.జి.వెల్స్ గ్రంథానికి ఆయన ఋణపడి ఉన్నారు.

ఈ లేఖలను ఇంటి చదువుకు ఆదర్శంగా చూపేవారు ఒక విషయం గమనించాలి. నెహ్రూ చూపు సామ్రాజ్యవాద వ్యతిరేకి చూపు. ఆసియాను మరచిన యూరోపియన్ చరిత్రలకు అది సమాధానం. సమాధానమంటేనే దానికి ముందు ఒక ప్రశ్న, ఒక ప్రత్యర్థి ఉన్నట్లు. ఆ ప్రత్యర్థి గ్రంథాలు నాడు ప్రతి బడిలోనూ ఉండేవి కనుక ఇందిరకు రెండు పక్షాలూ వినిపించాయి. ఈనాడు ఒక్క పక్షం పుస్తకాలతోనే నిండిన అలమారా ముందు కూర్చున్న పిల్లవాడికి ఆ అవకాశం ఎక్కడిది?

పాఠ్యగ్రంథం ఎంత నిస్సారమైనదైనా, బడికి ఇంటికి లేని ఒక సుగుణం ఉంది. అదే పాఠాన్ని నలభైమంది వింటారు. ఔరంగజేబు పాఠం చెబుతున్నప్పుడు ముందు వరుసలో ఒక ముస్లిం బాలిక కూర్చుని ఉండవచ్చు. వర్ణవ్యవస్థ పాఠం చెబుతున్నప్పుడు దళిత వాడనుంచి వచ్చిన పిల్లవాడు కిటికీ పక్కన కూర్చుని ఉండవచ్చు. ఆ ఉనికి వల్ల ఉపాధ్యాయుడు మాట ఆచితూచి వాడతాడు. వాడకపోతే ఆ పిల్లల ముఖాలే మిగతావారికి మరో పాఠం చెబుతాయి. ఇంట్లో అటువంటి పక్కబెంచీ ఉండదు. తల్లి, తండ్రి, పిల్లలు, అమ్మమ్మ, తాతయ్య అందరూ ఒకే కులం, ఒకే మతం, ఇంచుమించు ఒకే అభిప్రాయం. ఆ లేని పక్కబెంచీని పుస్తకమే పూరించాలి. ఇంటిబడి చరిత్ర ప్రణాళికను ఈ కొలతతో చూడాలన్నది ఈ వ్యాసకర్త వాదన. ఏ పుస్తకం బాగుందన్న ప్రశ్న రెండవది. ఈ పుస్తకం చెప్పినదానిని కాదనే పుస్తకం ఇంట్లో ఉన్నదా అన్నది మొదటిది.

మన ఇంటి చదువుల వారిలో చాలామంది పాశ్చాత్య దేశాల నుంచి తయారుగా వచ్చిన పాఠక్రమాలను ఆశ్రయిస్తున్నారు. వీటి వెనుక ఛార్లెట్ మేసన్ అనే ఆంగ్ల విద్యావేత్త భావాలున్నాయి. 1842 నుంచి 1923 వరకు జీవించిన ఆమె, ఎండిన సారాంశాలను కాక, విషయం మీద మమకారంతో ఒకరు రాసిన సజీవ గ్రంథాలను పిల్లలకు ఇవ్వాలన్నారు. ఒకసారి చదివించి, విన్నది పిల్లవాడి చేత తన మాటల్లో తిరిగి చెప్పించాలన్నారు. ఈ రెండో సూత్రం బంగారం వంటిది. పైసా ఖర్చు లేనిది. పిల్లవాడు తిరిగి చెప్పేటప్పుడు ఏది వదిలేశాడో, ఎవరిని వీరుడిని చేశాడో వింటే చాలు, పాఠం ఎంతవరకు అందిందో తెలిసిపోతుంది. కాని ఆమె పేరుతో అమ్ముడయ్యే అమెరికా పాఠక్రమాలలో ఈజిప్టు, గ్రీసు, రోము, మధ్యయుగపు ఇంగ్లండు, ఆపై అమెరికా అన్న వరుస ఉంటుంది. మొహెంజొదారోకు ఒక అధ్యాయం, అశోకునికి ఒక అధ్యాయం కేటాయించి భారతదేశం పూర్తయిందనిపిస్తారు. ఆ వరుసను యథాతథంగా దిగుమతి చేసుకున్న ఇంట్లో పెరిగే పిల్లవాడికి సీజరు హత్య క్షుణ్ణంగా తెలుస్తుంది, శాతవాహనుల పేరు పదమూడో ఏట వినిపిస్తుంది.

దీనికి విరుగుడుగా వెంటనే తోచేది అమర్ చిత్ర కథ. గ్రీకు పురాణాల ప్రశ్నలకు టపటపా జవాబిచ్చిన ఢిల్లీ విద్యార్థులు రాముని తల్లి ఎవరంటే నోరు వెళ్లబెట్టడం టెలివిజన్‌లో చూసి అనంత్ పాయ్ ఈ సంకల్పం చేసుకున్నారని ప్రతీతి. 1967లో మొదలైన ఆ బొమ్మల కథలు మూడు తరాల మధ్యతరగతి భారతీయులకు చరిత్ర నేర్పాయి. వాటి మేలు కాదనలేనిది. వాటి లోపమూ కాదనలేనిదే. పురాణపురుషుడు, చారిత్రక పురుషుడు ఒకే రంగులో, ఒకే కొలతలో, పక్కపక్క సంచికల్లో నిలబడతారు. కృష్ణునికి, శివాజీకి మధ్య తేడా ఏమిటో, ఒకరి సంగతి మనకు ఎలా తెలిసింది, ఇంకొకరి సంగతి ఎలా తెలిసింది అన్నది పిల్లవాడికి బోధపడదు. రాజు మంచివాడు, దండెత్తి వచ్చినవాడు చెడ్డవాడు. రైతు, నేతగాడు, బోయీ బొమ్మ మూలన నిలబడి చేతులు జోడిస్తారు. ఈ కథలను అలమారాలోనుంచి తీసివేయనక్కరలేదు. వాటి పక్కన వేరేవి ఉండాలి.

వేరేవి అంటే ఏవి? తెలుగు కుటుంబానికి అతిదగ్గరగా ఉన్న రుద్రమదేవితోనే మొదలు పెట్టవచ్చు. ఆమె కథ బాలల పుస్తకాల్లో, 2015లో వచ్చిన చలనచిత్రంలో వీరగాథగానే ఉంది. కథ చదివాక పిల్లల ముందు మూడు ఆధారాలు పెట్టాలి. ఒకటి, ఆమె తండ్రి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం. తుపానుకు ఓడ చెడి తీరానికి కొట్టుకువచ్చిన సరకును మునుపటి రాజులు మొత్తంగా లాక్కునేవారని, తాను నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆ రాజు విదేశీ వర్తకులకు మాట ఇచ్చాడు. వాణిజ్యమంటే ఏమిటో, రాజ్యానికి దానితో పనేమిటో పదేళ్ల పిల్లకు ఇంతకంటే తేటగా చెప్పే పాఠం లేదు. రెండోది, వెనిస్ యాత్రికుడు మార్కోపోలో మాట. ఈ రాజ్యాన్ని ఏలుతున్న రాణి భర్త పోయిన రాజపత్ని అని అతడు రాశాడు. ఆమె గణపతిదేవుని పుత్రిక. యాత్రికుడు పొరబడ్డాడు. పొరబాటు ఎందుకు జరిగి ఉంటుందో ఊహించమంటే పిల్లలు గంటసేపు వాదించుకుంటారు. మూడోది నల్గొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం. రుద్రమదేవి పుణ్యార్థం ఒక సేవకుడు ఇచ్చిన భూదానం గురించి అందులో ఉంది. ఆమె 1295 వరకు పాలించిందని అంతకుముందు చరిత్రకారులు నమ్మేవారు. ఒక్క రాయి ఆ లెక్కను మార్చివేసింది. చరిత్ర మారడం ఎప్పుడు న్యాయమో, ఎప్పుడు అన్యాయమో పాఠ్యపుస్తకాల రగడ మధ్య పెరిగే పిల్లకు ఈ రాయి నుంచి తెలుస్తుంది. కొత్త ఆధారం దొరికితే మారవచ్చు. మంత్రి మారినందుకు మారకూడదు.

ఇటువంటి జోడు పుస్తకాలు వెతికితే దొరుకుతాయి. కాశ్మీరాన్ని పాలించిన దిద్దారాణి మీద దేవికా రంగాచారి 2014లో బాలల కోసం ఒక నవల వెలువరించారు. ఆమె స్వయంగా చరిత్ర పరిశోధకురాలు. పన్నెండవ శతాబ్దపు కల్హణుడు రాజతరంగిణిలో దిద్దను క్రూరురాలిగా చిత్రించాడు. కాస్త పెద్ద పిల్లలకు ఆ భాగం సారాంశం చెప్పి, నవలతో పోల్చమనవచ్చు. సుభద్రా సేన్‌గుప్తా పుస్తకాలు మరో రకం. 2021లో కోవిడ్‌కు బలైన ఈ రచయిత్రి, రాజుల యుద్ధాలకంటే ఆనాటి పిల్లలు ఏమి తినేవారు, ఏ ఆటలు ఆడేవారు అన్న ఆరాతో చరిత్రను చెప్పారు. మనకు అదే పని సురవరం ప్రతాపరెడ్డి 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రలో పెద్దల కోసం చేసిపెట్టారు. కావ్యాల్లోంచి, చాటువుల్లోంచి ఆయన ఏరిన వంటకాలు, ఆటలు, వేషభాషల వివరాలను తల్లిదండ్రులు చదివి పిల్లలకు అందించవచ్చు. ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర సంగతి చెప్పనే అక్కరలేదు. 1830 మేలో చెన్నపట్నం నుంచి బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిన ఆ సుప్రీంకోర్టు దుబాసీ, మజిలీ మజిలీకి దారి ఎలా ఉన్నదో, నీరు దొరుకుతుందో లేదో, అంగళ్లు ఉన్నాయో లేదో రాసిపెట్టాడు. గోడకు దేశపటం తగిలించి, రోజుకొక మజిలీ చొప్పున సూదులు గుచ్చుతూ పోతే రెండు నెలల పాఠం అవుతుంది. రైలు రాకముందటి భారతదేశం మొత్తం కళ్లముందు నిలుస్తుంది. భాష పాతది కనుక పెద్దలు చదివి వినిపించాలి.

ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం ఉండదు. అసలు పరీక్ష ఇంటివారికి ఇబ్బంది కలిగించే చోట ఎదురవుతుంది. అంబేడ్కర్ తన బాల్యం గురించి స్వయంగా రాసిన ఒక సంగతి ఉంది. 1901లో, ఇంచుమించు పదేళ్ల వయసులో, అన్న, మేనల్లుళ్లతో కలిసి తండ్రి వద్దకు ప్రయాణమై మసూర్ స్టేషన్‌లో దిగాడు. కులం తెలియగానే స్టేషన్ మాస్టరు దూరం జరిగాడు. రెట్టింపు కిరాయి ఇస్తామంటే, తాను పక్కన నడుస్తానని, బండి పిల్లలే తోలుకోవాలని ఒక బండివాడు ఒప్పుకున్నాడు. రాత్రంతా చేతిలో అన్నమున్నా తాగడానికి నీరు దొరకలేదు. దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే గోండు చిత్రకారులు 2011లో వచ్చిన భీమాయణంలో ఈ సంగతులను చిత్రించారు. పదేళ్ల పిల్ల కథను పదేళ్ల పిల్ల చదవవచ్చు. ఆ బండివాడు మన తాతముత్తాతలలో ఒకడు అయి ఉండవచ్చునన్న మాట ఆ పిల్ల నోట వస్తే తల్లిదండ్రులు ఏమంటారన్నదే ప్రశ్న. పాఠ్యపుస్తకాలు సత్యాన్ని దాచాయని ఆగ్రహించి పిల్లలను ఇంటికి తెచ్చుకున్నవారు, ఈ పుస్తకం ఇంకా చిన్నపిల్లలకు ఎందుకులే అని వాయిదా వేస్తే, ప్రభుత్వాన్ని నిందించే అర్హత పోగొట్టుకున్నట్లే.

దేశ విభజన కూడా అటువంటిదే. నీనా సబ్నానీ రూపొందించిన ముకుంద్, రియాజ్ అనే బొమ్మల పుస్తకం 1947 కరాచీలోని ఇద్దరు బాలమిత్రుల కథ. ఆమె తండ్రి జ్ఞాపకం దానికి మూలం. బొమ్మలకు గుడ్డపేలికలను అతికి కుట్టే స్త్రీల పనితనం ఆధారం. అందులో కత్తులు, శవాలు లేవు. విడిపోయిన ఇద్దరు పిల్లలున్నారు. ఏడేళ్ల పిల్లకు అది చాలు. పన్నెండేళ్లు వచ్చాక, 2013లో లాహోరు యువకులు కొందరు చేసిన పనిని ఇంట్లో తిరిగి చేయవచ్చు. వారు భారత, పాకిస్థాన్ పాఠ్యగ్రంథాలలో ఒకే సంఘటనను ఎలా వర్ణించారో ఎదురెదురు పుటల్లో అచ్చువేశారు. అంతకు ముందే, 2001లో, విద్యావేత్త కృష్ణకుమార్ ఇరుదేశాల పాఠ్యగ్రంథాలను పోల్చి గ్రంథం రాశారు. బంగ్లాదేశ్ విషయంలో ముహమ్మద్ జఫర్ ఇక్బాల్ 1994లో రాసిన అమార్ బంధు రాషెద్ అనే నవల ఉంది. 1971 యుద్ధం మధ్య చిక్కుకున్న బడిపిల్లల కథ. మన పాఠాలలో 1971 అంటే పదమూడు రోజుల విజయం. అక్కడి పిల్లలకు అది తొమ్మిది నెలలు.

ప్రణాళిక అన్నాక కాలక్రమం ఉండాలి. బాలల పుస్తకాలతో చదివే చరిత్రకు ఉన్న పెద్ద లోపం తెగిన ముత్యాల దండలా ఉండడమే. అశోకుడు, అక్బరు, ఝాన్సీరాణి. వారి మధ్య వందల ఏళ్లు ఏమయ్యాయో పిల్లలకు తెలియదు. నడవా గోడ పొడవునా కాగితం అతికించి, శతాబ్దానికి ఒక అడుగు చొప్పున గీసి, చదివిన ప్రతి పుస్తకం పేరు దాని కాలం మీద రాయించడం చౌకైన ఉపాయం. ఆరు నెలలు గడిచాక ఆ గోడ మీద ఖాళీలు కనిపిస్తాయి. ఆ ఖాళీలే మరుసటి ఆరు నెలల పాఠం.

తెలుగు ఇంట్లో ఆ ఖాళీలు ఎక్కువగా మన చోటే ఉంటాయి. పైన పేర్కొన్న బాలల పుస్తకాలలో అధికభాగం ఆంగ్లంలో పుట్టినవి. చౌకధరల్లో తెలుగు అనువాదాలు అందించిన నేషనల్ బుక్ ట్రస్టు, సికింద్రాబాదు మంచి పుస్తకం వంటి సంస్థల కృషి, ప్రథమ్ వారు 2015 నుంచి ఉచితంగా ఇస్తున్న కథల భాండారం గణనీయమైనవే. అయినా గుంటూరు సీమను తుడిచిపెట్టిన 1832-33 నాటి డొక్కల కరువు గురించి, కాటన్ ఆనకట్ట కట్టిన కూలీల గురించి, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల గురించి తొమ్మిదేళ్ల పిల్ల చదవగల పుస్తకం అంగట్లో అడిగితే దొరకడం దుర్లభం. బాలల రచయితలు నీతికథలను వదిలి ఇటు రావాలి. ప్రభుత్వ అకాడమీలు ఇటువంటి పుస్తకాలు రాయించాలి. ఇంటిపన్నుతోపాటు ప్రజల నుంచి వసూలు చేసే గ్రంథాలయ పన్ను గ్రంథాలయాలకు చేరి, అక్కడ బాలల విభాగానికి ఖర్చయితే, ఇంట్లో ఉండి చదివించే తీరిక, స్తోమత లేని కుటుంబాల పిల్లలకూ ఇవి అందుతాయి. ఇంటి చదువు సంపాదన విడిచి ఒకరు ఇంటివద్ద ఉండగలిగిన కుటుంబాలకే సాధ్యం. ఆ ఒకరు సాధారణంగా తల్లే. మధ్యప్రదేశ్‌లో ఏకలవ్య సంస్థ ప్రభుత్వ బడుల్లోనే ఇటువంటి చరిత్ర పాఠాలను 1986 నుంచి నడిపింది. 2002లో ప్రభుత్వం ఆ ప్రయోగాన్ని నిలిపివేసింది.

ఇక పాఠ్యపుస్తకం. దాన్ని ఇంట్లోకి రానివ్వమన్న పట్టుదల అనవసరం. ఎలాగూ పదవ తరగతి పరీక్షకు ఏదో ఒక పాఠ్యగ్రంథం చదవక తప్పదు. పదమూడో ఏట 2007 నాటి ఏడవ తరగతి పుస్తకాన్ని, 2025 నాటి దానిని ఒకే బల్లమీద పెట్టి, ఏ పేర్లు పోయాయి, ఏ పేర్లు వచ్చాయి, ఏ విశేషణాలు మారాయి అని పిల్లల చేతనే పట్టిక వేయించవచ్చు. గోడ మీది కాగితం, శాసనాల నకళ్లు, అప్పటికి చదివిన నలభై యాభై పుస్తకాలు పక్కనే ఉంటాయి. ఆ మార్పులలో ఏది చందుపట్ల రాయి వంటిదో, ఏది కాదో ఆ పిల్లలే తేల్చుకుంటారు.